నేను లేకుండా నడవని సర్వర్లు

నా ఉద్యోగం ఏమిటని గద్వాలలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని చెప్పి తప్పించుకుంటాను. నిజం చెబితే నవ్వుతారు. నా అవసరం లేకుండా చెయ్యడానికే నాకు జీతమిస్తున్నారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ నడవాలంటే సర్వర్లు కావాలి. ఒకప్పుడు ఒక మనిషి కూర్చుని ఒక్కో సర్వర్‌లో కావలసినవన్నీ చేత్తో ఎక్కించేవాడు. ఇప్పుడు అలా కాదు. ఏమేం కావాలో ఒక జాబితా, ఎలా ఎక్కించాలో కొన్ని స్క్రిప్టులు రాసి పెట్టుకుంటే చాలు. మీట నొక్కగానే కొత్త సర్వర్ తనంతట తాను లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని పనికి బయల్దేరాలి. మనిషి చెయ్యి పడకూడదు. ఈ వరసనంతా మావాళ్ళు పైప్‌లైన్ అంటారు. అన్నీ సరిగ్గా ఉంటే తెర మీద ఆకుపచ్చ టిక్కులు పడతాయి, ఏదైనా లోపిస్తే ఎర్ర గుర్తు పడుతుంది. ఆ ఎర్ర గుర్తు ఎందుకు పడిందో వెతకడం నా వృత్తి. పన్నెండేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మాది వడ్డేపల్లి దగ్గర ఒక ఊరు. మా తాత కాలంలోనే మగ్గం అమ్మేసి పొలం పనుల్లో పడ్డ ఇల్లు. ఎంతైనా నేతింటి పిల్లాడు కదా, రక్తంలో ఎక్కడో ఉండే ఉంటుందన్న నమ్మకంతో గద్వాలలో మగ్గం నేసే ఇంటివాళ్ళు పిల్లనిచ్చారు. ఆ రక్తం మధ్యలో ఎక్కడో ఇంకిపోయిందని తర్వాత బయటపడింది. పెళ్ళైన కొత్తలో మేం హైదరాబాదులో ఉండేవాళ్ళం. మామ చనిపోయిన ఏడాది సామానంతా ఒక డీసీఎం వ్యానులో వేసుకుని గద్వాల వచ్చేశాం. అప్పటికే కంపెనీలు ఇంటి నుంచి పనికి అలవాటుపడ్డాయి కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు. నా భార్యకు వనపర్తిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రం వస్తుంది. రోజూ గడప దాటేది ఆమె, అత్తగారింటి గడప దాటనిది నేను. దీని గురించి మా వీధి ఏమనుకుంటుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా వీధి ఏదీ మెల్లగా అనుకోదు.

గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచులు పట్టు. కట్టుకునేవాళ్ళకు అది ఒకే చీర. నేసేవాళ్ళకు మాత్రం అది రెండు రకాల గుడ్డల్ని పోగుపోగునా ఒకదాన్నొకటి పట్టుకునేలా చేసే పెద్ద పంచాయితీ. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు, ఒంటికి ఒకటి, అంచులకు రెండు. ఒళ్ళూ, ఎడమ అంచూ నేసే మనిషి చూసుకుంటుంది. కుడి అంచు నాడె అందుకుని, ఒంటి పోగుకు మెలిపెట్టి, తిరిగి విసరడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ముప్పయ్యేళ్ళు ఆ చోట మామ కూర్చున్నాడు. ఆయన తర్వాత అది నాకొచ్చింది. ఆరింటికి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి అత్తమ్మ కుడిపక్కన కూర్చుంటే తొమ్మిదిన్నర దాకా లేవను. తర్వాత మేడమీది గదికి వెళ్ళి లాప్‌టాప్ తెరుస్తాను. మొదటి ఆరు నెలలు నేను వేసిన మెలికల్ని అత్తమ్మ ఏమీ అనకుండా విప్పి మళ్ళీ వేసేది. ఏమీ అనకపోవడం ఆమె తిట్టే పద్ధతి. ఆ తర్వాత విప్పడం తగ్గింది. ఒకరోజు అసలు విప్పలేదు. ఆరోజు నేను మేడ మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. కంపెనీ ఇచ్చిన ఏ సర్టిఫికెట్టుకూ అంత సంతోషపడలేదు.

ఈ ఏడాది వానాకాలం అయిపోతుండగా మా కంపెనీకి ఉన్నట్టుండి ఉద్యోగుల ముఖాలు చూడాలన్న కోరిక పుట్టింది. వచ్చే నెల మొదటి నుంచి అందరూ హైదరాబాదు ఆఫీసుకు రావాలని ఉత్తరం పంపారు. అందులో మన కుటుంబం, మన సంస్కృతి, కాఫీ యంత్రం దగ్గర పుట్టే గొప్ప ఆలోచనలు అని చాలా రాశారు. చివర్లో మాత్రం, ఎవరిని కదిలిస్తే పని ఆగిపోతుందో వాళ్ళకు మినహాయింపు అన్నారు. మా మేనేజరు ఫోన్ చేసి ఆ మినహాయింపులో నా పేరు రాశానన్నాడు. పైప్‌లైన్ నేను లేకుండా నడవదు కాబట్టి నన్ను ఇప్పుడే కదిలించలేనని, అది దానంతటదే నడిచే రోజు వస్తే మాత్రం నేనూ బయల్దేరాల్సిందేనని చెప్పాడు. నేను లేకుండా నడవదన్న మాట చెవిలో పడగానే మిగతాది వినడం మానేశాను.

ఈ వార్తను మగ్గం దగ్గర కాలర్ ఎగరేస్తూ చెప్పాను. అత్తమ్మ మాత్రం కాలర్ వైపు చూడలేదు.

"నువ్వు పట్నం పోతే అంచుచీర బంద్. గంతే గద?" అంది.

అంతే. మా వీధిలో ఆ పని తెలిసిన చేతులు లేకపోలేదు. కానీ ప్రతి జత చేతులకూ సొంత మగ్గం ఉంది, ఇంకొకరి గుంటలో కూర్చునే తీరిక ఎవరికీ లేదు. నా భార్యకు పని వచ్చుగానీ ఏడు గంటల బస్సు ఆమె కోసం ఆగదు. పదిహేనేళ్ళ వయసు నుంచి అత్తమ్మ అంచుచీర తప్ప ఇంకోటి నేసింది లేదు. నేను పోనని చెప్పాను. నేను లేకుండా అక్కడ నడవదని మళ్ళీ ఒకసారి చెప్పాను, రుచిగా ఉందని.

అదే వారం పాత సర్వర్‌ను మూసేయాలని నిర్ణయమైంది. చాలా ఏళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న యంత్రం. దాని మీద నడుస్తున్నవన్నీ పైప్‌లైన్ ద్వారా కొత్త సర్వర్ల మీదికి మార్చాలి. మొదట మార్చాల్సింది నాగర్‌కర్నూల్ వైపు ఒక ప్రైవేటు గోదాము. రైతులు పల్లికాయ, మిర్చి, విత్తనాలు అక్కడ దాచుకుంటారు. ఎవరి సంచులు ఎన్నో, ఏ వరసలో ఉన్నాయో మా సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకుని రైతు పేరు, ఊరు తెలుగులో ముద్రించి ఒక చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూపిస్తేనే సంచులు బయటికొస్తాయి. చిన్న పని. రెండు రోజుల్లో అయిపోతుందని రాసి పంపాను. మా వృత్తిలో రెండు రోజులంటే ఎన్నో ఎవరికీ తెలియదు.

మీట నొక్కాను. ఎర్ర గుర్తు. ఫలానా ప్యాకేజీ, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ముక్క, దొరకలేదు అంది. జాబితాలో చేర్చి మళ్ళీ నొక్కాను. అది దొరికింది కానీ దానికి ఇంకోటి కావాలట, అది లేదు. అదీ చేర్చాను. దానికి మరొకటి, అదీ పాతదే కావాలట, కొత్తది పనికిరాదట. పెళ్ళికి పిలిస్తే బావమరిది రాకపోతే రానంటాడు ఒకడు, ఆ బావమరిదిని పిలిస్తే తన షడ్డకుణ్ణి విడిగా పిలవలేదని అలుగుతాడు. మూడు రోజులు ఈ చుట్టాలందరి ఇళ్ళ చుట్టూ తిరిగాను. ఒక్కోసారి అంతా కుదిరి, ఆఖరి మెట్టు మీద ఎర్ర గుర్తు పడేది. అప్పుడు లేచి కిందికి వెళ్ళి చాయ్ పెట్టుకునేవాణ్ణి. వంటింట్లో నా ముఖం చూసి నా భార్య ఇవాళ ఏం లేదట అని అడిగేది.

పాత సర్వర్ మీద ఇవన్నీ ఉన్నాయి. జాబితాలో ఏదీ లేదు. అంటే ఎవరో, ఎప్పుడో, చేత్తో ఎక్కించి, రాసిపెట్టకుండా వెళ్ళిపోయారు. నాకు కోపం నషాళానికంటింది. కంపెనీలో అందరికీ వెళ్ళే చాట్ గుంపులో ఒక సందేశం రాశాను. పాత సర్వర్‌ను తన చేతులతో తీర్చిదిద్ది, ఆ రహస్యాలను గుండెల్లో దాచుకుని అంతర్ధానమైన మహానుభావుడు ఎవరో తెలిస్తే పాదాభివందనం చేస్తానని, అలాంటివాళ్ళకు కంప్యూటర్ బదులు పలుగూ పారా ఇవ్వాలని రాశాను. బాగా వచ్చిందనిపించి రెండుసార్లు చదువుకున్నాను. మేనేజరు బొటనవేలు పైకెత్తిన గుర్తు పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వు ముఖాలు పెట్టారు. పాతవాళ్ళు ఇద్దరు ఏమీ పెట్టలేదు. వాళ్ళెందుకు పెట్టలేదో ఆరోజు నాకు తట్టలేదు.

ఐదో రోజు తెరంతా ఆకుపచ్చగా మారింది. పై నుంచి కింది దాకా ఒక్క ఎర్ర గుర్తు లేదు. నేను విజయం ప్రకటించాను. గోదామును కొత్త సర్వర్ మీదికి మార్చాను.

మర్నాడు పదింటికి గోదాము నుంచి ఫోన్. చీటీ మీద పేర్లు రావడం లేదట, వాటి బదులు వరసగా ఖాళీ డబ్బాలు వస్తున్నాయట. మా వృత్తిధర్మం ప్రకారం మొదట ప్రింటరును అనుమానించాను. ఆపి మళ్ళీ వెయ్యమన్నాను. నాలుగుసార్లు ఆపించాను. తర్వాత ఫోటో పంపమన్నాను. అంకెలు ఉన్నాయి, తేదీ ఉంది, రైతు పేరు ఉండాల్సిన చోట ఏడు డబ్బాలు, ఊరి పేరు దగ్గర మూడు డబ్బాలు. అదే చీటీ నా లాప్‌టాప్ మీద తెరిస్తే చక్కని తెలుగు. నా దగ్గర బాగానే ఉందండీ అన్నాను. ఈ ఒక్క మాట మీదే మా పరిశ్రమ ఇన్నేళ్ళుగా బతుకుతోంది.

తెలుగు అక్షరాలకు ఫాంటు కావాలి, అది లేకపోతే డబ్బాలు వస్తాయి, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ జాబితాలో తెలుగు ఫాంటు ఉంది. సర్వర్ మీద కూడా ఎక్కింది. దాని పక్కన ఆకుపచ్చ టిక్కు మెరుస్తోంది. ఇంకో రెండు తెలుగు ఫాంట్లు ఎక్కించాను. డబ్బాలు అలాగే ఉన్నాయి. హైదరాబాదులో ఈ చీటీలు పరీక్షించే బృందాన్ని అడిగితే వాళ్ళకు అన్నీ సరిగ్గానే వచ్చాయన్నారు. ఏ పేర్లతో పరీక్షించారని అడిగాను. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అన్నారు, అవీ ఇంగ్లీషులో. ఆ బృందంలో అందరూ తెలుగువాళ్ళే. ఒక్కరికీ తమ తల్లి పేరో, తండ్రి పేరో తెలుగులో కొట్టి చూడాలని తోచలేదు.

గోదాము యజమాని మా మేనేజరు మీద అరిచాడు. మేనేజరు నా మీద అరవలేదు, నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా ఒకసారి వెళ్ళి చూసి రా అన్నాడు. ఆయన లెక్కలో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ అంటే పక్క వీధి. పొద్దున మగ్గం దగ్గర అరగంటకే లేచి, నా భార్యతో పాటు వనపర్తి బస్సెక్కి, ఆమె ల్యాబు దగ్గర దిగిపోతే నేను ఇంకో బస్సు మారి వెళ్ళాను. లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని దారంతా ఆ మహానుభావుణ్ణే తిట్టుకున్నాను.

గోదాము ముందు చింతచెట్టు కింద పదిమంది దాకా నిలబడి ఉన్నారు. యాసంగి పంటకు పల్లికాయ విత్తే రోజులు. విత్తనం కోసం దాచుకున్న సంచులు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు. అందులో లింగాల మండలం నుంచి వచ్చిన ఒక ముసలామె చీటీని మడత విప్పి నా ముందు పెట్టింది. నేను సంచితో రాగానే బాగుచేసేవాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు.

"గీ డబ్బాలల్ల నా పేరు ఏదయ్యా?" అని అడిగింది.

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. ఆమెకు చదువు రాదు. ఇవి కూడా అక్షరాలేనేమో, చదువొచ్చినవాణ్ణి నేను వేలు పెట్టి చూపిస్తానేమో అనుకుంది. దున్ని పెట్టిన చేను, విత్తడానికి అద్దెకు తెచ్చిన గొర్రు, రెండు రోజుల్లో ఆరిపోయే నేల పదును, ఇవన్నీ ఆమె వెనకాల నిలబడినాయన చెప్పాడు. నేను చూస్తానమ్మా అన్నాను. లోపలికి నడిచాను.

గోదాము గుమాస్తా యాభై దాటిన మనిషి. నన్ను చూసి బాగా తెలిసినవాడిలా నవ్వాడు. కుర్చీ తుడిచి వేశాడు. పాత రిజిస్టరు చూసి చేత్తో పేర్లు రాసి ఒక్కొక్కరినే పంపుతున్నానని, అందుకే ఆలస్యమవుతోందని చెప్పాడు. నేను చాలా గంభీరంగా, ఇది ఫాంటుకు సంబంధించిన జటిలమైన సమస్య అని, పూర్వం ఎవరో చేసిన నిర్వాకం వల్ల వచ్చిందని చెప్పడం మొదలుపెట్టాను.

"మూడేండ్ల కింద గూడ గిట్లనే డబ్బాలొచ్చినయి గద సార్. మీరే వచ్చిన్రు. గీ టేబుల్ మీదనే లాప్‌టాప్ పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, చాయ్ తాగుకుంట ఏదో చేసిన్రు. అక్షరాలొచ్చినయి. మర్చిపోయిన్రా?" అన్నాడు.

మర్చిపోయాను. ఆ క్షణం దాకా నిజంగానే మర్చిపోయాను. ఆయన అంటుండగానే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఆ సన్నటి చీటీ మీద మామూలు తెలుగు ఫాంటు పట్టలేదు, వత్తులు కింది వరసలోకి జారిపోయేవి. గద్వాలలో పెళ్ళిపత్రికలు ముద్రించే దుకాణానికి వెళ్ళి అడిగితే, పొట్టి అక్షరాల ఫాంటు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. ఆయన దాన్ని శుభలేఖల్లో అడ్రసు వెయ్యడానికి వాడేవాడు. దాన్ని తెచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని, పాత సర్వర్‌లోకి చేత్తో ఎక్కించి, చీటీలకు ఇదే వాడమని దాని పేరు సాఫ్ట్‌వేర్‌లో రాసి, ఇప్పటికైతే నడవనీ, జాబితాలో తర్వాత చేరుద్దాం అనుకుని, చాయ్ తాగి, బస్సుకు టైమవుతోందని వచ్చేశాను. కొత్త సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ ఆ పెళ్ళిపత్రిక ఫాంటునే పేరు పెట్టి పిలుస్తోంది. అది లేదు. పక్కన వేరే ఫాంట్లు ఎన్ని ఉంటే మాత్రం ఎవరు పలుకుతారు? నా లాప్‌టాప్‌లో మాత్రం అది అప్పటి నుంచీ ఉంది, అందుకే నా దగ్గర బాగానే కనిపించింది.

అక్కడే పాత సర్వర్ తెరిచాను. చేత్తో కొట్టిన ఆదేశాలన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. ఇన్ని రోజులు ఆ చిట్టా తెరిచి చూడలేదు, ఎందుకంటే దోషి ఎవరో నాకు ముందే తెలుసు కదా, ఎవరో వెధవ. చిట్టాలో ప్రతి వరస పక్కనా నా పేరు. ఫాంటు ఒక్కటే కాదు. మూడు రోజులు నేను ఇళ్ళిళ్ళూ తిరిగి పిలిచిన ఆ చుట్టాలందరినీ అప్పట్లో దొడ్డిదారిన లోపలికి తెచ్చింది నేనే. ఇంకా నేను పట్టుకోనివి కూడా చాలా ఉన్నాయి. ఒక సాయంత్రం వేసినవి, ఒక ఆదివారం వేసినవి, మామ తద్దినం రోజున మధ్యలో లేచి వచ్చి వేసినవి. గుంపులో ఆ ఇద్దరు పాతవాళ్ళు ఎందుకు నవ్వలేదో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గుమాస్తా నాకు చాయ్ తెప్పించాడు.

పెళ్ళిపత్రిక ఫాంటును మళ్ళీ చేత్తోనే కొత్త సర్వర్‌లోకి ఎక్కించాను. అక్షరాలొచ్చాయి. లింగాల ముసలామె పేరు ముద్రించి ఇస్తే, ఆమె దాన్ని చూడకుండానే మడిచి రొండిలో దోపుకుని సంచుల వైపు వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో ఇంకో ఆలోచన వచ్చింది. ఇది సిగ్గు కన్నా చెడ్డది. సర్వర్ నేను లేకుండా నడవదని మేనేజరు అనడానికి కారణం నా తెలివి కాదు, నా బద్ధకం. కానీ ఆ బద్ధకమే నన్ను గద్వాలలో ఉంచుతోంది. చిట్టాలో ఉన్నవన్నీ జాబితాలో రాసిపెడితే ఎవరు మీట నొక్కినా నడుస్తుంది. రాయకపోతే ప్రతిసారీ నన్ను పిలవాల్సిందే. దాచడానికి కష్టపడాల్సిన పని కూడా లేదు. ఇన్నాళ్ళూ చేసినట్టే, ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు. నాకు బాగా చేతనైన పని అదే. వనపర్తిలో నా భార్య బస్సెక్కి పక్కన కూర్చుంది. ఆమెకు చెప్పాను. ఆమె పెద్దమందడి రోడ్డు మలుపు దాటాక, నాకు చెప్పుడు కాదు, మా అమ్మకు చెప్పు అంది. మగ్గం అమ్మది అంది.

మర్నాడు పొద్దున గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను కానీ మెలికలు సరిగ్గా పడటం లేదు. అత్తమ్మ చాలారోజుల తర్వాత నా మెలిక ఒకటి విప్పింది. ఏంది అల్లుడా అని కూడా అనలేదు. నేనే మొదలుపెట్టి అంతా చెప్పాను. ఫాంటు సంగతి, గుమాస్తా సంగతి, లింగాల ముసలామె సంగతి. సర్వర్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, కానీ రాసిపెట్టకుండా చేసిన పని అంటే తెలుసు.

"అంటే నువ్వే చేసి, నువ్వే మర్చిపోయి, వారం దినాల సంది ఊరందర్ని తిడుతున్నవు," అంది.

ఔనన్నాను. అన్నీ రాసిపెడితే నేను హైదరాబాదు పోవాల్సి వస్తుందని, రాయకపోతే ఇక్కడే ఉండొచ్చని చెప్పాను. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూశాను. ఉండమంటుందేమోనని చూశాను. ఉండమంటే బాగుండునని ఉంది. పాపం ఇద్దరం పంచుకోవచ్చు కదా.

అత్తమ్మ తన నాడె విసిరింది. నేను నా నాడె విసిరాను, అందుకున్నాను, విసిరాను.

"నీకు జ్వరమొచ్చి పండుకున్ననాడు గా ముసలామె పేరు మల్ల పోతే ఎవరు తీసిస్తరు?"

నేను ఒంటి పోగు వెతికి మెలిపెట్టాను.

"నా చీర కోసం దాసిపెట్టకు అల్లుడా. దొంగతనంగ కూసునేటోడు నా పక్కన వద్దు," అంది.

కోపంగా అనలేదు. నూలు పోగు తెగితే అతికినంత మామూలుగా అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగ్గం మీద పడతాయని ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె అది చూసి, ముక్కు తుడుచుకుని రా, అంచు కరాబైతది అంది.

ఆరోజు నుంచి వారం పట్టింది. చిట్టాలోని ఒక్కో వరసా తీసి, ఇది ఎందుకు వేశాను, లేకపోతే ఏమవుతుంది అని గుర్తుతెచ్చుకుని జాబితాలో చేర్చాను. పెళ్ళిపత్రిక ఫాంటు హక్కులు ఎవరివో దుకాణం ఆయనకే తెలియదు కాబట్టి, దాన్ని తీసేసి అందరూ వాడుకోదగ్గ ఇంకో పొట్టి ఫాంటు వెతికి పెట్టాను. చీటీల పరీక్షలో టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు తీసేసి, వత్తులూ గుడింతాలూ దండిగా ఉన్న తెలుగు పేర్లు వేశాను, అక్షరాల బదులు ఒక్క డబ్బా వచ్చినా ఎర్ర గుర్తు పడేలా. ఆఖరున కొత్త సర్వర్‌ను మొత్తం తుడిచేసి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి మూడు నెలలైన ఒక అమ్మాయిని మీట నొక్కమన్నాను. నేను గద్వాలలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. కట్టుకోకపోతే అవి ఆగవు. ఇరవై నిమిషాలు. అంతా ఆకుపచ్చ. గోదాము గుమాస్తా చీటీ ఫోటో పంపాడు. పేరు పేరులాగే ఉంది.

గుంపులో రాశాను. నేను పాదాభివందనం చేస్తానన్న మహానుభావుడు దొరికాడని, అది నేనేనని, నా కాళ్ళు నాకు అందడం లేదని, చేత్తో చేసినవన్నీ ఇప్పుడు రాసిపెట్టానని. మేనేజరు మళ్ళీ అదే బొటనవేలు గుర్తు పెట్టాడు. ఈసారి ఆ పాతవాళ్ళిద్దరూ నవ్వు ముఖాలు పెట్టారు.

సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. ఇంత నిజాయితీ అరుదన్నాడు. ఇప్పుడు పైప్‌లైన్ దానంతటదే నడుస్తోంది కాబట్టి నేను ఎక్కడున్నా ఒకటేనన్నాడు. అర నిమిషం నా గుండె తేలికైంది. ఎక్కడున్నా ఒకటే కాబట్టి, మిగతా అందరిలాగే ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకు వచ్చెయ్యమన్నాడు. తర్కంలో ఎక్కడా లోపం లేదు. నేను వెతికాను.

నెలాఖరు దాకా ఇంకా పన్నెండు పొద్దులున్నాయి. మగ్గం మీద ఉన్న చీర పూర్తి చేశాం. ఎర్ర అంచు, ముదురు ఆకుపచ్చ ఒళ్ళు. అత్తమ్మ రోజుకన్నా నెమ్మదిగా నేసింది, నేను రోజుకన్నా జాగ్రత్తగా మెలిపెట్టాను. చీర మగ్గం మీంచి కోసిన రోజు, మాకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే షావుకారు దగ్గరి మనిషి వచ్చి తర్వాతి చీరకు అంచు పట్టు ఏ రంగు పంపాలని అడిగాడు. అత్తమ్మ పట్టు వద్దంది. ఒక్క మనిషి నేసే సాదా నూలుచీర పడుగు పంపమంది. ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూసి, పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. నలభై ఏళ్ళ పైగా వేసిన అంచు అంత తొందరగా, ఒక్క మాటతో ఆగిపోతుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా హైదరాబాదు ఆఫీసులో ఉంటాను. పక్క కుర్చీలో కూర్చున్నవాడితో కూడా చాట్‌లోనే మాట్లాడతాను, ఎందుకంటే వాడి చెవుల్లో ఏవో ఉంటాయి. కాఫీ యంత్రం దగ్గర ఇంతవరకు ఏ ఆలోచనా పుట్టలేదు. పైప్‌లైన్ నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. శుక్రవారం సాయంత్రం రైలెక్కుతాను. నా భార్య తలుపు తీస్తుంది.

మొదటి శనివారం పొద్దున ఆరింటికి మెలకువ వచ్చి కిందికి దిగాను. అత్తమ్మ అప్పటికే గుంటలో ఉంది. కూర్చునే పలక మధ్యలోకి జరిగి ఉంది. మగ్గం మీద తెల్లటి నూలు, ఒకటే నాడె, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, ఎక్కడా ఆగకుండా పోతోంది. ఒక్కదాని చీర తొందరగా అయితదని, చేతికి పెద్ద పనే లేదని చెప్పింది. నేను అలవాటుగా కుడిపక్కకు వెళ్ళి కూర్చోబోయాను.

"ఆడ కూసోకు అల్లుడా. నా చెయ్యి తగుల్తది," అంది.

నేను వెనక్కి జరిగి గోడ దగ్గర పీట వేసుకున్నాను.